స్కూల్ మొత్తానికి గ్లోబల్ లెర్నింగ్ తేవాలంటే ఏది మేలు: క్లబ్బా, పీరియడా, సర్టిఫికెటా, బోర్డు మార్పా?

వాతావరణం మారడం, వలసలు, వ్యాపారం, నీళ్ళు, యుద్ధాలు, మనం పండించింది ఎవరు తింటున్నారు, మనం తినేది ఎక్కడినుంచి వస్తోంది, ఇలాంటివన్నీ పిల్లల చదువులో కలవాలి, అదీ ఒక క్లాసుకో ఒక మేడమ్‌కో కాకుండా స్కూల్ మొత్తానికి రావాలి అని ఈమధ్య చాలామంది హెచ్.ఎంలు, కరస్పాండెంట్లు అడుగుతున్నారు. మంచి ఆలోచనే. కానీ అనుకోగానే తలుపు దగ్గర బ్రోషర్ పట్టుకొని ఎవరో ఒకరు రెడీగా ఉంటారు, ఒకరు సర్టిఫికెట్ అంటారు, ఒకరు కొత్త బోర్డు అంటారు, ఇంకొకరు వారానికి ఒక పీరియడ్ మాకిచ్చేయండి మా ట్రైనర్ వచ్చి చెప్తాడు అంటారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఏది ఎంచుకోవాలన్నది చాలామంది బడ్జెట్ చూసి తేల్చుకుంటారు, అసలు చూడాల్సింది రెండు: మీ స్టాఫ్ ఎన్నేళ్ళు ఉంటారు, వాళ్ళలో ఇద్దరు ముగ్గురికి కలిసి కూర్చునే లీజర్ పీరియడ్ వారానికి ఒకటైనా దొరుకుతుందా. ప్రైవేట్ స్కూళ్ళలో ప్రతి జూన్‌కీ కొంతమంది కొత్తవాళ్ళే, ఉన్న లీజర్ కూడా సబ్‌స్టిట్యూషన్‌కే పోతుంది. గవర్నమెంట్ స్కూళ్ళలో ట్రాన్స్‌ఫర్లు. అందుకని ఒక మేడమ్ తలలో మాత్రమే ఉండే ప్లాన్ ఏదైనా సరే, ఆవిడ వెళ్ళిన రోజే పోతుంది. కింద చెప్పే ప్రతిదాన్నీ ఈ రెండు ప్రశ్నలతోనే కొలుస్తున్నా.

ముందు అందరూ చేసేది, డే సెలబ్రేషన్స్, క్లబ్బులు, మోడల్ యునైటెడ్ నేషన్స్ (పిల్లలు దేశాల ప్రతినిధుల్లా కూర్చొని చర్చించేది). ఖర్చు తక్కువ, ఫోటోలు బాగా వస్తాయి, అడ్మిషన్స్ సీజన్‌లో ఫ్లెక్సీకి పనికొస్తాయి. కాదనను, పిల్లలకి సరదా కూడా. కానీ క్యాలెండర్ చూడండి, ఎర్త్ డే ఏప్రిల్ 22, అప్పటికి పరీక్షలు అయిపోయి సెలవులు ఇవాళా రేపా అన్నట్టు ఉంటుంది, ఆ రోజు నేర్చుకున్నదానికి మర్నాడు కొనసాగింపు ఉండదు. మోడల్ యూఎన్‌కి వెళ్ళేది ఇంగ్లిష్ బాగా మాట్లాడే ఆ ఇరవై ముప్పైమందే, మైకు పట్టుకోని పిల్లాడికి దాంట్లో ఏమీ లేదు. ఇంకోటి, దేశాల డ్రెస్సుల పోటీ అని పెడతారు చూడండి, జపాన్ అంటే కిమోనో, ఆఫ్రికా అంటే మొహానికి నల్లరంగు పూసి ఆకులు కట్టడం, అది నేర్పకపోతేనే నయం. ఆఫ్రికాలో 54 దేశాలున్నాయి, నైరోబీలోనూ మనలాంటి ట్రాఫిక్ జామే. కాబట్టి సెలబ్రేషన్స్ ఉంచండి, కానీ దాన్నే స్కూల్ మార్పు అని లెక్కలో వేసుకోవద్దు.

తర్వాత, విడిగా ఒక పీరియడ్ పెట్టడం. జీకే పీరియడో వేల్యూ ఎడ్యుకేషన్ పీరియడో తీసి దీనికిస్తారు. టైంటేబుల్లో సీటు గ్యారంటీ అనేది దీని బలం, పేరెంట్స్‌కి చూపించడం తేలిక, ఒక్క టీచర్‌కి ట్రైనింగ్ ఇస్తే చాలు. చిక్కు కూడా అక్కడే ఉంది. ఆ ఒక్క టీచర్ పని అయిపోతుంది అది, మిగతా స్టాఫ్ అంతా అది సోషల్ వాళ్ళ గొడవలే అనుకుంటారు, ఫిబ్రవరి వచ్చేసరికి సిలబస్ కంప్లీట్ కాలేదని మ్యాథ్స్ సార్ ఆ పీరియడ్ అడుగుతాడు, ఇచ్చేస్తారు కూడా. మార్కులు లేని పీరియడ్‌కి మన దగ్గర జరిగేది అదే.

కేంబ్రిడ్జ్ స్కూళ్ళకి మాత్రం ఇది వేరే కథ. వాళ్ళకి గ్లోబల్ పర్‌స్పెక్టివ్స్ అని పూర్తి సబ్జెక్టే ఉంది, ప్రైమరీ నుంచి ఐజీసీఎస్ఈ (మన పదో తరగతి స్థాయి పరీక్ష) దాకా, విషయం బట్టీకంటే వెతకడం, వచ్చిన సమాచారం నమ్మొచ్చా లేదా చూడటం, టీమ్‌గా పనిచేయడం మీద నడుస్తుంది. ఐజీసీఎస్ఈలో రాతపరీక్షతో పాటు ఒక్కొక్కరూ సొంతంగా రాసే రిపోర్ట్, టీమ్ ప్రాజెక్ట్ కూడా గ్రేడ్‌లో కలుస్తాయి కాబట్టి ఆ పీరియడ్‌ని ఎవరూ లాక్కోలేరు. మీది ఇప్పటికే కేంబ్రిడ్జ్ స్కూల్ అయితే కళ్ళు మూసుకొని తీసుకోండి. కాకపోతే దీనికోసం మాత్రమే కేంబ్రిడ్జ్‌కి వెళ్ళడం అనవసరం.

ఇక సర్టిఫికెట్ దారి. మన దగ్గర ఎక్కువ వినపడేవి రెండు. బ్రిటిష్ కౌన్సిల్ ఇంటర్నేషనల్ స్కూల్ అవార్డులో (ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో ముందు కనుక్కోండి) ఏడాది మొత్తానికి ఏడు ప్రాజెక్టులు ప్లాన్ చేయాలి, కొన్ని విదేశీ పార్ట్‌నర్ స్కూల్‌తో కలిసి చేయాలి, ముందు యాక్షన్ ప్లాన్ పంపాలి, చివర్లో ఏం జరిగిందో ఆధారాలతో చూపించాలి, వస్తే మూడేళ్ళు ఉంటుంది. ఎకో స్కూల్స్ అనేది 1994లో యూరప్‌లో మొదలైంది, ఇక్కడ అహ్మదాబాద్‌లోని సెంటర్ ఫర్ ఎన్విరాన్‌మెంట్ ఎడ్యుకేషన్ చూస్తుంది, ఏడు మెట్లు, చివరికి గ్రీన్ ఫ్లాగ్. రెండిటిలో నాకు ఎకో స్కూల్స్ పద్ధతే నచ్చుతుంది, ఎందుకంటే అది పిల్లలున్న కమిటీతో మొదలవుతుంది, తర్వాత స్కూల్ పరిస్థితి ఏంటో ముందు కొలుచుకోమంటుంది, అంటే కరెంటు బిల్లు, నీళ్ళ ట్యాంకర్లు, మధ్యాహ్నం పారేసే అన్నం, అలా. పాఠాల్లో కలపడం కూడా దాంట్లో ఒక మెట్టు. పర్యావరణం దాటి వలసలు, వ్యాపారం, శాంతి లాంటివి కావాలంటే మాత్రం అది సరిపోదు, అక్కడ బ్రిటిష్ కౌన్సిల్‌దే విశాలంగా ఉంటుంది.

సర్టిఫికెట్‌తో వచ్చే లాభం గడువు. ఫలానా తేదీకి పంపాలి అంటే స్టాఫ్ కదులుతారు, అది మామూలు స్టాఫ్ మీటింగ్‌లో ఎంత చెప్పినా జరగదు. నష్టం, ఫైలు చదువుని మింగేస్తుంది. కోఆర్డినేటర్ మేడమ్ రాత్రి పదకొండు దాకా పీపీటీలో ఫోటోలు అతికిస్తూ ఉంటుంది, పిల్లలు ఏం నేర్చుకున్నారో ఆవిడకీ గుర్తుండదు. పార్ట్‌నర్ స్కూల్ విషయంలో ఇంకో సలహా, అందరూ ఇంగ్లండ్, అమెరికా స్కూలే కావాలంటారు, శ్రీలంకో కెన్యానో ఇండోనేషియానో చూడండి. మన పిల్లలు పెద్దగా ఆలోచించని దేశాలు, వాళ్ళకీ మనలాంటి వర్షం, వరి, బస్సు కష్టాలే, మాట్లాడుకోవడానికి బోలెడు ఉంటుంది. శ్రీలంక అయితే టైమ్ తేడా కూడా లేదు, మూడో పీరియడ్‌లోనే వీడియో కాల్ పెట్టేయొచ్చు, లండన్‌తో అయితే మనకి మధ్యాహ్నం దాటితే గాని వాళ్ళకి బడి తెరవదు.

అన్నిటికంటే పెద్ద నిర్ణయం బోర్డు మార్చడం, ఐబీకి, అంటే ఇంటర్నేషనల్ బాకలారియేట్‌కి వెళ్ళడం. చదువు పరంగా గట్టిది, దాంట్లో అనుమానం లేదు. ప్రైమరీలో సబ్జెక్టుల గోడలు తీసేసి ఆరు పెద్ద థీమ్‌ల మీద నడుపుతారు, మనం ఎవరం, ప్రపంచం ఎలా పనిచేస్తుంది, ఈ భూమిని ఎలా పంచుకుంటున్నాం, ఇలా. అంటే మనం కష్టపడి కలపాలనుకుంటున్నది అక్కడ పునాదిలోనే ఉంది. కానీ అనుమతికి ముందు క్యాండిడేట్‌గా ఉండాలి, కోఆర్డినేటర్ ఉండాలి, టీచర్లు వర్క్‌షాపులు చేయాలి, ఏటా ఫీజు, ఐదేళ్ళకోసారి మళ్ళీ పరిశీలన. ట్రైనింగ్ అయిన టీచర్ రెండేళ్ళకే ఇంకో ఇంటర్నేషనల్ స్కూల్‌కి వెళ్ళిపోతే మళ్ళీ మొదటికి.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 జనవరి 31న ఐబీతో ఒప్పందం చేసుకుంది గుర్తుందా, ప్రభుత్వ బళ్ళలో ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి ఏడాదికో తరగతి పెంచుకుంటూ పోవాలని ప్లాన్. అదే ఏడాది ప్రభుత్వం మారింది, అది ముందుకు పోలేదు. ఎవరిది తప్పు అనే చర్చ నాకిక్కడ వద్దు, స్కూల్ స్థాయిలో దీన్నుంచి తీసుకోవాల్సింది ఒకటే, పైనున్న ఒక సంతకం మీద నిలబడిన మార్పు ఆ సంతకం పోతే పోతుంది. కరస్పాండెంట్ మారినా, ప్రిన్సిపాల్ మారినా అంతే.

ఇప్పుడు నేను ఎక్కువ స్కూళ్ళకి చెప్పే దారి, ఉన్న పాఠాల్లోనే కలపడం. కొత్త సబ్జెక్ట్ లేదు, కొత్త పుస్తకం లేదు, యాన్యువల్ ప్లాన్‌లో ఏ పాఠం పక్కన ఏ ప్రపంచ విషయం వస్తుందో రాసుకోవడం, అంతే. వినడానికి చప్పగా ఉంటుంది, ఫ్లెక్సీకి పనికిరాదు. కానీ టీచర్ మారినా ప్లాన్ ఫైల్లో ఉంటుంది, కొత్తగా వచ్చినవాళ్ళు అక్కడినుంచి అందుకుంటారు. పైగా సగం పని ఇప్పటికే పుస్తకంలో ఉంది, సీబీఎస్ఈ పదో తరగతి ఎకనామిక్స్‌లో గ్లోబలైజేషన్ మీద పూర్తి చాప్టరే ఉంది, మనం చేస్తున్నదల్లా ఆఖర్లో ప్రశ్నలు జవాబులు రాయించడం.

ఎలా ఉంటుందో ఒకటి దగ్గరగా చూద్దాం. భీమవరం చుట్టుపక్కల ఎనిమిదో తరగతి అనుకోండి. అక్కడ పిల్లల్లో చాలామంది ఇళ్ళలో రొయ్యల చెరువు ముచ్చటే. లెక్కల్లో విలోమానుపాతం పాఠం ఉంది, మాస్టారు పుస్తకంలో ఉన్న పనివాళ్ళు గోడ కట్టే లెక్క చెప్పే బదులు కౌంట్ తీసుకోవచ్చు. కిలోకి వంద తూగితే వంద కౌంట్, రొయ్య పది గ్రాములు. యాభై కౌంట్ అయితే ఇరవై గ్రాములు, నలభై అయితే ఇరవై అయిదు. కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. ఇది వాళ్ళకి నోటికొచ్చు, అది విలోమానుపాతం అని మాత్రం తెలీదు. సైన్స్‌లో తెల్లవారుజామున ఏరియేటర్లు (చెరువు నీళ్ళలోకి గాలి కలిపే మిషన్లు) ఎందుకు ఆగకూడదు అన్న ప్రశ్న చాలు, పగలు నీళ్ళలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే నాచు కూడా పీల్చుకుంటుంది, అందుకే సూర్యుడు రాకముందు ఆక్సిజన్ బాగా పడిపోతుంది, కిరణజన్య సంయోగక్రియ పాఠం మొత్తం ఆ చెరువు గట్టు మీదే అయిపోతుంది.

సోషల్‌కి వస్తే అసలు కథ. ఆ చెరువుల్లో పెంచే వనామి రకం రొయ్య మనది కాదు, లాటిన్ అమెరికా పసిఫిక్ తీరం రొయ్య, మన దేశంలోకి 2009లో అనుమతించారు. మనతో పోటీ పడేది ఈక్వడార్, మన పెద్ద కొనుగోలుదారు అమెరికా, 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి తీసుకెళ్ళినప్పుడు ఆ ఊళ్ళో చెరువు గట్టు మీద రేటు ఎందుకు కదిలిందో పిల్లలు మ్యాప్ మీద గీత గీసి చెప్పగలగాలి. ఇక్కడే ఆగిపోతే అది మార్కెట్ పాఠం అవుతుంది. పక్క వరి చేను రైతు ఉప్పునీరు వస్తోందని ఎందుకు గొడవ పడుతున్నాడు, రొయ్యల పొట్టు తీసే పీలింగ్ షెడ్డులో ఐసు నీళ్ళలో చేతులు పెట్టి పనిచేసే ఆడవాళ్ళకి రోజుకి ఎంత వస్తుంది, అమెరికాలో షాపులో కొనే ఆవిడకి ఇవన్నీ తెలుసా. తెలుగు క్లాసులో రొయ్యల రైతుతో కలిపి ఈ నలుగురిలో ఒకరి తరఫున ఉత్తరం రాయించండి, ఇంగ్లిష్‌లో ఇంకొకరికి జవాబు. ఐదు సబ్జెక్టులు, రెండు వారాలు, ఒక్క పాఠం కూడా అదనంగా చెప్పలేదు. ఎఫ్ఏలో (ఏడాది మధ్యలో జరిగే ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌లో) ప్రాజెక్ట్ వర్క్‌కి ఎలాగూ మార్కులు ఉన్నాయి, దాంట్లోనే వేసేయండి.

గుంటూరు అయితే మిర్చి యార్డు ఉంది, అరకు వైపు కాఫీ ఉంది, జగిత్యాల, నిజామాబాద్ వైపు గల్ఫ్ ఉంది. గల్ఫ్ విషయంలో మాత్రం కాస్త జాగ్రత్త. క్లాసులో ఎవరి నాన్న మస్కట్‌లో ఉన్నాడో చేతులెత్తమనడం వద్దు, అప్పు చేసి వెళ్ళి ఇరుక్కున్నవాళ్ళు ఉంటారు, అసలు తిరిగి రానివాళ్ళు కూడా ఉంటారు. రియాల్ రూపాయి లెక్క, ఏజెంట్ ఫీజు మీద వడ్డీ లెక్క పేర్లు మార్చి చేయించండి, ఎవరైనా పిల్లాడు తనంతట తాను చెప్తే వినండి, అంతవరకే.

ఈ దారిలో నష్టాలు లేవా అంటే ఉన్నాయి. బయటికి కనపడదు, అందుకే యాజమాన్యానికి ఓపిక ఉండాలి. ఇంకా పెద్ద ప్రమాదం, అందరూ చేస్తున్నాం అంటారు ఎవరూ చేయరు, ప్లాన్‌లో ఒక కాలమ్ పెరుగుతుంది, దాంట్లో ప్రతి పాఠానికీ ప్రపంచ శాంతి అని రాసి సంతకం పెట్టేస్తారు. దీన్ని ఆపడానికి నాకు తెలిసిన మందు ఒకటే, ఒక క్లాసుకి టర్మ్‌కి ఒకే ఒక విషయం. అన్ని పాఠాలూ కలపొద్దు. రొయ్య అంటే రొయ్యే, నీళ్ళంటే నీళ్ళే.

స్కూల్ మొత్తం ఒకేసారి మొదలుపెట్టాలా అంటే వద్దనే చెప్తా. మొదటి ఏడాది రెండు క్లాసులు చాలు, ఆరు ఎనిమిది తీసుకోండి, తొమ్మిది పది వదిలేయండి, అక్కడ బోర్డు పరీక్ష భయం మీ ప్లాన్‌ని బతకనివ్వదు. ముగ్గురు నలుగురు టీచర్ల టీమ్, దాంట్లో ఒక మ్యాథ్స్ టీచర్ తప్పనిసరిగా ఉండాలి, సోషల్, ఇంగ్లిష్ వాళ్ళే ఉంటే మిగతావాళ్ళు దాన్ని సీరియస్‌గా తీసుకోరు, అనుభవంతో చెప్తున్నా. ఆ టీమ్‌కి వారంలో ఒక కామన్ లీజర్ పీరియడ్ టైంటేబుల్లోనే రాసేయండి, ఆ పీరియడ్‌కి సబ్‌స్టిట్యూషన్ వేయకూడదని ఇంచార్జ్‌కి రాతపూర్వకంగా చెప్పండి. ఈ ఒక్కటి చేయలేని స్కూల్ ఎన్ని లక్షలు పెట్టినా లాభం లేదని నా నమ్మకం. రెండో ఏడాది ఆ టీమ్‌లో ఒక్కొక్కరూ కొత్త క్లాసు ఒకదాన్ని చూసుకుంటే మూడో ఏడాదికి హైస్కూల్ మొత్తం వస్తుంది.

ఇంగ్లండ్‌లో 2013 నుంచి 2018 దాకా ప్రభుత్వం డబ్బుతో గ్లోబల్ లెర్నింగ్ ప్రోగ్రామ్ అని నడిపారు, అక్కడా కొత్త సబ్జెక్ట్ పెట్టమనలేదు, ముందు స్కూల్ తన పరిస్థితి తానే అంచనా వేసుకోవాలి, దీంట్లో ముందున్న స్కూల్ ఒకటి చుట్టుపక్కల స్కూళ్ళని కలుపుకొని టీచర్లకి నేర్పాలి, అదీ పద్ధతి. మన ప్రభుత్వ బళ్ళకి దీనికోసం కొత్తగా ఏమీ కట్టక్కర్లేదు, చుట్టుపక్కల బళ్ళ టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్ ఉంది. దాంట్లో ఒక గంట దీనికిచ్చి, చేసిన పాఠం ఒకటి చూపిస్తే చాలు, సర్క్యులర్లు చదవడం కంటే నయం కదా.

ఎవరికి ఏది అంటే, ప్రభుత్వ హైస్కూల్ అయితే పాఠాల్లో కలపడమే, డబ్బు పెట్టక్కర్లేదు, ఎకో స్కూల్స్ పద్ధతిలో నీళ్ళు, అన్నం వృథా కొలవడం దానికి జోడించుకోండి, గ్రీన్ ఫ్లాగ్ వచ్చినా రాకపోయినా. బడ్జెట్ ప్రైవేట్ స్కూల్, టీచర్లు ఏటా మారేవాళ్ళు అయితే కూడా అదే, కాకపోతే ఇంకా చిన్నగా, ఒక్క క్లాసు, ఒక్క విషయం, ప్రతి పాఠానికీ వర్క్‌షీట్ దాచిపెట్టడం, రెండేళ్ళకి మీకు సొంత ఫైలు తయారవుతుంది. కాస్త పెద్ద సీబీఎస్ఈ స్కూల్, స్టాఫ్ నిలకడగా ఉన్నారు అనుకుంటే మొదటి ఏడాది పాఠాల్లో కలిపి రెండో ఏడాది బ్రిటిష్ కౌన్సిల్ అవార్డుకి వెళ్ళండి, అప్పుడు చూపించడానికి నిజంగా చేసిన పని ఉంటుంది కాబట్టి ఫోటోల కోసం ప్రాజెక్టులు పుట్టించాల్సిన పని ఉండదు. ఈ వరస తిరగేస్తేనే గొడవ. ఐబీ మాత్రం ఫీజు కట్టగల పేరెంట్స్, ఐదారేళ్ళు ఉండే టీచర్లు, రెండూ ఉన్న స్కూల్‌కే, ఒకటి ఉండి ఒకటి లేకపోతే వద్దు.

పేరెంట్స్ అడిగేది ఒకటే, మావాడికి మార్కులు తగ్గవు కదా. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అడిగే ఊళ్ళు మనవి, కోప్పడి లాభం లేదు. సీబీఎస్ఈ వాళ్ళకి జవాబు తేలిక, పదో తరగతి పేపర్లో సగం మార్కులు బట్టీకి లొంగని కాంపిటెన్సీ ప్రశ్నలకే, చదివింది కొత్త సందర్భంలో వాడమంటారు, మనం చేయిస్తున్నది అదే. స్టేట్ సిలబస్ వాళ్ళకి పేరెంట్స్ మీటింగ్‌లో ఆ కౌంట్ లెక్క పిల్లాడితోనే బోర్డు మీద చేయించండి, ఉపన్యాసం వద్దు.

పనిచేస్తోందా లేదా తెలుసుకోవడానికి చార్టులు లెక్కపెట్టొద్దు. జూన్‌లో పిల్లలకి తెల్లకాగితం ఇచ్చి మన ఊరి సరుకు ఎక్కడెక్కడికి పోతుంది, దానివల్ల ఎవరికి లాభం ఎవరికి నష్టం రాయమనండి, పేరు వద్దు, నంబర్ చాలు. ఫిబ్రవరిలో అదే ప్రశ్న మళ్ళీ ఇచ్చి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. జవాబు పొడుగు అయిందా అన్నది కాదు, ఎంతమంది మనుషులు ఆ కాగితంలోకి వచ్చారు అన్నది చూడండి. జూన్‌లో రైతు, వ్యాపారి మాత్రమే ఉండి ఫిబ్రవరికి షెడ్డులో ఆవిడ, పక్క చేను ఆయన, ఈక్వడార్ రైతు కూడా వచ్చారంటే పాఠం లోపలికి వెళ్ళినట్టే.

ట్రైనింగ్ ఇస్తామని వచ్చే కంపెనీల సంగతి ఒకటి మిగిలింది. సంతకం పెట్టే ముందు మూడు అడగండి, మీ ట్రైనర్ వెళ్ళిపోయాక మా టీచర్ చేతిలో ఏం మిగులుతుంది, మా జిల్లాకి సంబంధించిన పాఠం ఒక్కటి ఇప్పుడు చూపించగలరా, ఆ మెటీరియల్ తెలుగులో ఉందా. రెండోదానికే చాలామంది నీళ్ళు నములుతారు. టీమ్ లేకుండా, కామన్ పీరియడ్ లేకుండా దసరా సెలవులు వచ్చేశాయంటే మాత్రం ఈ ఏడాదికి వదిలేసి, సంక్రాంతి తర్వాత టైంటేబుల్ వేసే ఆయన్ని కూర్చోబెట్టుకొని వచ్చే జూన్‌కి ప్లాన్ మొదలుపెట్టండి.